పండగ వెళ్లాక ఇత్త పట్టిన నోంబులు

కూరలో ఉప్పు తగ్గిందని ఇంబిచ్చిబీవి ఇత్తను మా అత్తారింటి మగవాళ్లం అనని మాట లేదు. ఆమె ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

కేరళ తీరాన పొన్నానిలో, మా వైపు అల్లుళ్లందరిదీ ఇల్లరికమే. ఆ ఇంటికి నేను మూడో అల్లుణ్ణి. నలభై ఏళ్ల కిందటి మాట. పుతియాప్ల, అంటే కొత్త పెళ్లికొడుకు, అనే పిలిచేవారు నన్ను. ఇత్త అంటే అక్క; ఆమె నా భార్య సుహరాకి పెద్దక్క. మొగుడు వదిలేశాక, ఇరవై మందికి వండే పొయ్యి ఆమెకు దక్కింది.

నోంబు నెలలో, అంటే రంజాన్ ఉపవాసాల్లో, ఉప్పు ఎక్కువైనా తక్కువైనా మాకు నవ్వులాటే. ఉపవాసంతో ఉన్న మనిషి రుచి చూడదు కదా! సాయంత్రం మసీదు నుంచి బాంగు పిలుపు వినపడగానే ఖర్జూరం, ఆపైన ఇత్త కాచిన తరికంజి. రవ్వ, పాలు, నేతిలో వేగిన చిన్నుల్లిపాయలు. ఇప్పటికీ ఎక్కడ ఉల్లి వేగినా ఆ వరండాయే కళ్లముందు నిలుస్తుంది. "వండటం ఇంబిచ్చి పని, ఉప్పు సంగతి అల్లా చూసుకుంటాడు" అనేవారు మామగారు. మేం తరావీహ్ నమాజుకు మసీదుకెళితే, లోపలి గదిలో అత్తగారు ఆడవాళ్ల వరస మధ్యన నిలబడి నమాజు చేయించేవారు.

పండగ వెళ్లిన మూడో వారం, మధ్యాహ్నం, అదే చేతి చేపల కూర.

"సముద్రం పక్కనే ఉండి ఉప్పుకు కరువేమిటి ఇత్తా?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

రెండో అల్లుడు మొయ్తీన్‌కుట్టి పళ్లెం తోసేశాడు. "పుతియాప్ల మర్యాదకు అంటున్నాడు. దీన్ని కాకి కూడా ముట్టదు."

"రేపు చూసి వేస్తాను" అంది ఇత్త.

ఆ సాయంత్రం, బాంగు వినిపిస్తుండగా, మరిచిపోయిన గొడుగు కోసం ఇంటికొచ్చాను. ఇత్త వంటింట్లో నిలబడే చెంబెడు నీళ్లు గటగటా తాగుతోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఇత్తా, ఇప్పుడేం నోంబు?"

ఆమె గబుక్కున ముసుగు లాక్కుంది. సుహరా నన్ను రెక్క పట్టుకు ఇవతలకు లాగింది.

"బుర్ర ఉందా మీకు? నెలలో ఆ రోజులొస్తే ఆడవాళ్లు నోంబు ఉండకూడదు. తప్పినవి తర్వాత పట్టాలి. నేనూ పడతాను, అమ్మా పట్టింది."

"మరి చెప్పొచ్చుగా!"

"ఎవరికి? పళ్లెం తోసేసిన ఆయనకా? నాకిన్ని రోజులు తప్పాయని దండోరా వేయించాలా? ఆ రోజుల్లో మీ కంటబడకుండా మంచినీళ్లు తాగడానికే చస్తున్నాం!"

నోంబు నెలలో ఒకరి ఆకలికి ఇల్లంతా తోడు. ఇత్తకు మాత్రం, ఎండలో, మాకు వడ్డిస్తూ, ఒంటరి నోంబు.

మర్నాడు నేనూ పట్టాను. "పుతియాప్లకు భక్తి ముదిరింది" అని మొయ్తీన్‌కుట్టి ఎకసెక్కమాడాడు. పొద్దు వాలుతుండగా నా చేత్తో తరికంజి కాచి, వంటింట్లో చాప పరిచాను.

"మగాళ్లు ఇక్కడ కూచోరు, లేవండి" అంది ఇత్త.

"సుహరా, మీ అక్కను కూచోమను. బాంగు అవుతోంది."

ముగ్గురం కూచున్నాం. ఇత్త ఒక గుక్క తాగి సుహరా వైపు తిరిగింది. "ఇది కంజి కాదే, మీ ఆయన గోడలకు సున్నం కలిపాడు." నవ్వి నవ్వి పొలమారింది. గిన్నె మాత్రం ఖాళీ చేసింది.

ఇత్త పోయి పదకొండేళ్లు. ఇది చదివే మగవాళ్లకు ఒకటే మనవి. పండగ వెళ్లాక మీ ఇంట్లో ఎవరు నోంబు పట్టారో, ఎన్ని పట్టారో ఆరా తీయకండి. మధ్యాహ్నం మీ అన్నం మీరే వడ్డించుకోండి. బాంగు వేళకు ఇంటికి చేరండి. ఆమెను ఒంటరిగా నిలబడి నీళ్లు తాగనివ్వకండి.