బెల్లం తినొచ్చని రాసింది నేనే

ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలంలో నాకు రాత పని దొరికింది. అదే నన్ను వెతుక్కుంటూ వచ్చిందని ఇప్పుడు బుకాయించొచ్చు గానీ, వెతికింది నేనే. రెండు నెలలు ఫోన్ పట్టుకుని పిచ్చిదానిలా వెతికాను. "ఇంట్లో కూర్చుని సంపాదించండి, విద్యార్థులకు మంచి అవకాశం" అన్న ప్రకటన కనిపిస్తే చాలు, నంబరు నొక్కేసేదాన్ని. మొదటివాడు రిజిస్ట్రేషన్ ఫీజు అడిగాడు. రెండోవాడు ఫీజు వద్దని నా ఫొటో అడిగాడు. మొదటివాడికి ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదు. రెండోవాడి సంగతి మా అమ్మకి తెలిస్తే ఫోన్ తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేది. అలా ఇద్దరి నుంచీ బయటపడ్డాను తప్ప, నాకేదో తెలివుండి కాదు.

మూడోది నిజమైన పనే. తెలుగులో ఆరోగ్య చిట్కాలు పెట్టే ఒక వెబ్‌సైట్. ఒక మేడమ్ ఫోన్ చేసి మాట్లాడింది. ఏ ఊరి నుంచో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. వయసెంత అంది. పదిహేడు అన్నాను. "పర్లేదు, తెలుగు తప్పుల్లేకుండా రాస్తే చాలు," అంది. తెలుగు తప్పుల్లేకుండా రాయడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. లెక్కల్లో అంతంతమాత్రం, ఇంగ్లీషు మాట్లాడితే చెమటలు పట్టేవి. ఆ రోజు నా అంత గొప్పది అనకాపల్లిలో ఇంకొకత్తి లేదనుకున్నాను.

అక్కడి పద్ధతి ఏమిటంటే, శీర్షిక ముందు వస్తుంది, విషయం తరవాత. పొద్దున్నే మేడమ్ మూడు శీర్షికలు పంపేది. సాయంత్రానికల్లా ఒక్కోదాని కింద నాలుగు వందల మాటలు నింపి పంపాలి. 'పరగడుపున మెంతులు తింటే ఏం జరుగుతుందో తెలుసా?' ఏం జరుగుతుందో నాకేం తెలుసు? మెంతులు పులుసులో వేస్తారని తెలుసు. ఇంగ్లీషులో ఉన్న నాలుగు సైట్లు తెరిచి, తలో ముక్కా తెచ్చి, నా తెలుగులో కలిపేసేదాన్ని. ఎక్కడో ఒకచోట 'నిపుణులు అంటున్నారు' అని తప్పకుండా ఉండాలి. ఏ నిపుణులు మేడమ్ అని మొదటి వారంలో ఒకసారి అడిగాను. "అలా రాయడం పద్ధతి. చదివేవాళ్ళకి నమ్మకం కుదురుతుంది," అంది. మళ్ళీ అడగలేదు. నెల తిరిగేసరికి ఆ నిపుణుల చేత నాకు కావలసింది అనిపించడం బాగా అలవాటైపోయింది. వ్యాసం కింద రాసినవాళ్ళ పేరుండదు. అప్పట్లో దానికే బాధపడ్డాను.

ఇంట్లో మాత్రం చిన్న అబద్ధం చెప్పాను. చిన్నపిల్లలకి తెలుగు పాఠాలు రాస్తున్నానని. మెంతుల గురించీ మలబద్ధకం గురించీ రాస్తున్నానని చెప్పడానికి సిగ్గేసింది. మొదటి డబ్బు అమ్మ ఖాతాలో పడి, ఆవిడ ఫోన్‌కి మెసేజ్ వచ్చినప్పుడు మా నాన్న ఆ ఫోన్ పట్టుకుని కొట్టుకెళ్ళిపోయాడు. బెల్లం మార్కెట్లో ఆయనకి తెలిసిన ప్రతి మనిషికీ చూపించాడట. "మా పాప పాఠాలు రాత్తాది. పదిహేడేళ్ళకే," అని.

మా నాన్న పని గురించి చెప్పాలి. మార్కెట్ యార్డులో ఒక వ్యాపారి కొట్టులో బెల్లం రుచి చూసే పని ఆయనది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రైతులు తెచ్చిన దిమ్మలు వరసగా పేర్చి ఉంటాయి. నాన్న ఒక్కో వరస దగ్గరా ఆగి, దిమ్మ అంచు గోటితో గిల్లి, నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుంటాడు. ఇది చవిటి నేల చెరకు, ఉప్పు తగుల్తోంది. ఇది పాకం ముదిరింది. ఇది మందేసి తెల్లబరిచింది. ఆయన చెప్పినదాన్ని బట్టి యజమాని వేలంలో పాట పాడతాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన నాలుక మీదే మా ఇల్లు నడిచింది. నేను చెప్పేది మాట వరసకి కాదు, నిజంగానే అంతే.

ఆయనకి షుగర్ ఉందని అంతకు రెండేళ్ళ ముందే తేలింది. గవర్నమెంట్ ఆసుపత్రిలో డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే, "బెల్లం రుచి సూత్తానండి," అన్నాడు. డాక్టరు పకపకా నవ్వి, ఇక మీదట మింగొద్దు, నోట్లో వేసుకుని ఉమ్మెయ్యమన్నాడు. చెప్పినంత తేలిక కాదది. రైతు ఎదురుగా ఆయన బెల్లం ఉమ్మెయ్యకూడదు. అది మా యార్డులో ఎవరూ రాసి పెట్టని కట్టుబాటు. నాన్న మొదటిసారి ఉమ్మేసిన రోజే కశింకోట వైపు రైతొకాయన అందరి ముందూ నిలదీశాడు.

"ఏటి బావా, నా బెల్లం ఉమ్మేసేవు? ఇసం కలిపేనేటి?"

షుగరని నాన్న నచ్చజెప్పబోయినా ఆయన వినలేదు. దిమ్మలన్నీ ఎత్తించుకుని పక్క కొట్టుకి పట్టుకుపోయాడు. ఆ రోజు నుంచి నాన్న రుచి చూడ్డం మానేశాడు. రంగు చూసి, విరిచి, వాసన చూసి చెప్పేవాడు. ఒకసారి ఉప్పు బెల్లం పట్టుకోలేకపోయాడు. యజమాని ఏదో మాట అన్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "నాలిక పనికిరాపోతే నానెందుకు ఆ కొట్టుకి?" అన్నాడు. అమ్మ కూర వడ్డించింది. నేను ఫోన్‌లో ఆ రోజు వ్యాసం చూసుకుంటున్నాను.

ఆ చలికాలం, కొత్త బెల్లం యార్డుకి వస్తున్న రోజుల్లో, మేడమ్ ఒక శీర్షిక పంపింది. 'షుగర్ ఉన్నవారు బెల్లం తినవచ్చా?' కింద ఒక మాట కూడా రాసింది. "మీది అనకాపల్లి కదా, ఇది మీరే రాయాలి. తినకూడదు అని రాస్తే ఎవరూ షేర్ చెయ్యరు, చూసుకోండి."

నేను నేరుగా నాన్న దగ్గరికే వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చప్పటి టీ తాగుతున్నాడు. మంచి బెల్లం అంటే ఏటి నాన్నా అని అడిగాను, పాఠం కోసమని. ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు అప్పటికి చాలా కాలంగా ఎవరూ లేరు. మొహం విచ్చుకుంది. టీ చల్లారిపోయింది.

"తెల్లగా మెరిసేదాన్ని నమ్మకమ్మా. మందెయ్యని బెల్లం కాత్త నల్లగానే ఉంటాది. దాన్తో రోగం రాదు. మా తాత రోజూ ముక్క నోట్లో ఏసుకునే పొలం ఎల్లేవోడు. ఏ రోగం రొస్టూ లేకుండా పోయేడు."

అంతా రాసుకున్నాను. ఇంగ్లీషు సైట్ల నుంచి ఇనుము, ఖనిజాలు తెచ్చి కలిపాను. చివర్లో నా అంతట నేనే ఈ వాక్యం రాశాను: 'మందు వేయని స్వచ్ఛమైన బెల్లాన్ని మధుమేహం ఉన్నవారు కూడా రోజూ కొద్దిగా తీసుకోవచ్చని నిపుణులు అంటున్నారు.' రాస్తున్నప్పుడు నాన్నకి షుగర్ ఉందన్న సంగతి గుర్తు రాలేదా అని మీరు అడగొచ్చు. రాలేదు. ఆ రోజు ఆయన నాకు విషయం చెప్పిన మనిషి, అంతే. రోగి కాదు. ఇంతకన్నా సిగ్గుమాలిన మాట నా దగ్గర ఇంకొకటి లేదు.

పది రోజులకి అది ఆయన ఫోన్‌కే వచ్చింది. యార్డు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. మధ్యాహ్నం భోజనానికి వస్తూనే చెప్పులు కూడా విడవకుండా నన్ను పిలిచాడు.

"అమ్మా, ఇది సదివి సూడు. బెల్లం తినొచ్చంట. ఆ డాట్రు తెలీక సెప్పేడు."

చదివాను. నా వాక్యాలే. "నెట్‌లో వచ్చినవన్నీ నమ్మకు నాన్నా," అన్నాను, అదీ నంగి నంగిగా.

"ఇది మామూలోళ్ళు రాసింది కాదు. బెల్లం తెలిసినోడు రాసేడు. అచ్చంగా నాను అనుకునేదే రాసేడు."

అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోటి దాకా వచ్చింది. చెబితే పాఠాలు కావని తెలుస్తుంది, యార్డంతా చెప్పుకున్న మనిషి తల దించుకోవాలి, అమ్మ తిడుతుంది, పని మానిపిస్తారు. ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో లెక్కేసుకున్నాను. అమ్మ అన్నం పెట్టింది. ఆయన తిన్నాడు. నేనూ తిన్నాను.

మర్నాటి నుంచి మా నాన్న మళ్ళీ మా నాన్నలా అయిపోయాడు. కళ్ళు మూసుకుని బెల్లం చప్పరించాడు, మింగాడు. ఉప్పు పట్టుకున్నాడు. కశింకోట రైతు కూడా తిరిగొచ్చాడని ఇంట్లో సంబరంగా చెప్పాడు. బెల్లమే మందైనప్పుడు ఇంక మాత్రలెందుకని రెండు పూటలవి ఒక పూట చేశాడు. "ఇన్నాళ్ళకి ఆయన మొహంలో కళ వచ్చిందే," అని అమ్మ మురిసిపోయింది. నేను మేడమ్‌కి మెసేజ్ పెట్టాను, ఆ వ్యాసంలో తప్పుంది, తీసెయ్యండని. "అన్నిటికన్నా ఎక్కువ మంది చదివింది అదే, ఎలా తీస్తాం? దానికి తోడుగా తేనె గురించి ఒకటి రాయండి," అని జవాబు. రాశాను. దాచడం ఎందుకు, అదీ రాశాను.

పంట చివరి రోజుల్లో యార్డులో ఏదో రేకు ముక్క తగిలి నాన్న కుడికాలి బొటనవేలు తెగింది. పసుపు అద్దుకుని పనికెళ్ళాడు. వారానికి వేలు నల్లబడింది. నొప్పే లేదని ఆయన అంటుంటే మంచిదే అనుకున్నాం. నొప్పి తెలియకపోవడమే ప్రమాదమని మాకు చెప్పింది విశాఖలో పెద్దాసుపత్రి డాక్టరు. అప్పటికి ఆలస్యమైపోయింది. ముందు వేలు తీశారు. తరవాత సగం పాదం తీశారు. రక్తంలో షుగర్ ఎంతుందో చెప్పి, "ఏం తిన్నారండీ మీరు?" అని డాక్టరు అరిచినప్పుడు నాన్న నా వంక చూడలేదు, నేల వంక చూశాడు. పెద్దాయన ముందు తప్పు చేసిన పిల్లాడిలా ఉన్నాడు. నాకు ఆ గదిలోనే చచ్చిపోవాలనిపించింది.

పాదం తీసిన నాలుగో రోజు పగటిపూట, అమ్మ కేరేజీ కడుక్కురావడానికి వెళ్ళినప్పుడు చెప్పేశాను. పాఠాలు కావు నాన్నా అన్నాను. బెల్లం గురించి రాసింది నేనే అన్నాను. నిపుణులెవరూ లేరు, నేనే అన్నాను. ఏడుస్తూ చెప్పానో, చెప్పాక ఏడ్చానో గుర్తు లేదు. ఆయన కట్టు కట్టిన కాలు వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. కాలు ఇంకా పైకి తియ్యాల్సి వస్తుందో లేదో అప్పటికి డాక్టర్లు తేల్చలేదు. మళ్ళీ యార్డులో నిలబడే పని చెయ్యలేడని మాత్రం ముగ్గురికీ తెలుసు.

"అంతా నువ్వే రాసేవా?" అన్నాడు చివరికి.

అవునన్నాను.

"ఎవురూ సెప్పకుండానే?"

"నువ్వే చెప్పేవు కదా నాన్నా, కొంత."

తల ఊపాడు. చెయ్యి చాచి నా జడ పట్టుకుని, చిన్నప్పుడు లాగినట్టు మెల్లగా లాగాడు.

"ముందే సెప్పకపోయేవా అమ్మా. మా పాపే రాసిందని తెలిస్తే ఇంకా కడుపు నిండా తిందును."

ఎగతాళికి అన్నది కాదు. ఆయన మొహంలో గర్వం కనిపించింది, అదీ ఆ మంచం మీద. ఒక్క మాట తిట్టినా నేను ఈపాటికి కోలుకునేదాన్ని.