నంబరు లేని బండికి టీజీ

జనగామలో ఆ బ్యాటరీ బండిని నేనే కొన్నాను. మా నాన్న, బాపు, పత్తి మార్కెట్‌లో హమాలీ. లారీ మీది నుంచి జారిపడి మోకాలు దెబ్బతిన్నాక ఇంటికే పరిమితమయ్యాడు. సైకిలు తొక్కలేడు, పది అడుగులు వేయాలన్నా గోడ పట్టుకోవాలి. "మెల్లగ పోయే బండి గద అక్కా, దీనికి రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్స్ లేదు" అన్నాడు షాపాయన. అదే మాట ఉన్న కాగితం కూడా ఇచ్చాడు. ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పిందని మహా సంతోషపడ్డాను. బాపు మళ్లీ బజారు ముఖం చూశాడు. రోజూ పొద్దున్నే తెలంగాణ ఉద్యమ శిబిరానికి వెళ్లి, మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చేవాడు.

అప్పుడు ఊరంతా ఒకటే పని. నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపించి టీజీ రాయించుకుంటున్నారు. శిబిరం పక్కన ఒక పెయింటర్ ఊరికే రాసిపెడుతున్నాడు. బాపు కూడా బండి మీదే వరసలో ఆగాడు.

"నీ బండికి నంబరే లేదు బాపు. ఏపీ లేనిదానికి టీజీ ఎట్ల రాయాలె?" అన్నాడట పెయింటర్.

"నంబర్ లేకుంటే ఏంది? నేను తెలంగాణోన్ని కానా?"

రేకు ముక్క మీద ఆ రెండక్షరాలే రాయించి, బండి ముందు బిగించుకుని ఇంటికొచ్చాడు. నాకు ఒళ్లు మండింది. కోరి తలనొప్పి తెచ్చుకోవడం ఎందుకని అరిచాను. ఆయన రేకు బోల్టులు ఇంకా బిగిస్తూ కూర్చున్నాడు.

వారం తిరగకుండానే స్టేషన్ రోడ్డులో పోలీసులు ఆపి, బండిని ఠాణాలో పెట్టారు. నేను కాగితం పట్టుకుని పరుగెత్తాను. అక్కడి సారు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నంబర్ అక్కర్లేదంటున్నరు. మరి ప్లేటెందుకు పెట్టిండ్రు? ప్లేటుంటే నంబరుండాలె. నంబరుంటే గిది మోపెడ్ లెక్క, రిజిస్ట్రేషన్ కావాలె."

ఒక కానిస్టేబుల్ అవునన్నాడు, ఇంకొకాయన కాదన్నాడు. నాకు బుర్ర తిరిగిపోయింది. రిజిస్ట్రేషన్ చేయిద్దామంటే ఈ బండికి చేయరు. వదిలేయమంటే ప్లేటు అడ్డం. చివరికి సారే విసిగిపోయి, "జర ఆ రేకు ఇప్పి తీస్కపోండి" అన్నాడు.

బాపు ససేమిరా విప్పనన్నాడు. మూడు రోజులు గోడలు పట్టుకుని శిబిరానికి నడిచాడు. సాయంత్రానికి మోకాలు కుండలా ఉబ్బేది. చూడలేకపోయాను. నాలుగో రోజు నేనే ఠాణాకు వెళ్లి, పానా అడిగి తీసుకుని, రేకు విప్పి, బండి ఇంటికి తెచ్చాను. బాపు దాన్ని చూసి, "మంచిగ చేసినవు బిడ్డా" అన్నాడు. అది మెప్పో దెప్పో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత టీజీ లేని బండిని శిబిరానికి అల్లంత దూరంలోనే ఆపి, మిగతాది నడిచేవాడు.

రాష్ట్రం వచ్చింది. వీధంతా గులాల్ చల్లుకుంటుంటే, దాచిన రేకు తీసి బిగించబోయాను. కొత్త నంబర్లకు టీజీ కాదు, టీఎస్ అంటున్నారని వినకపోలేదు. అయినా ఆ రోజు ఆయన బండికి అది ఉండాలనిపించింది. బాపు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా. మల్ల గుంజుకపోతే నేనెట్ల నడవాలె?"

"ఎవరు గుంజుకపోతరు? ఇప్పుడు రాష్ట్రం మనదే గద బాపు."

"అయితే నంబర్ కావాల్నా, వద్దా?"

రేకును మళ్లీ బీరువాలో పెట్టేశాను.