తేనెపీక

పళ్ళు లేని నోటితో మనిషిని పుట్టించి, తల్లి పాలు తాగేందుకు పెదవుల్లో బలం పెట్టి, నమిలే వయసు రాగానే చిగురు చీల్చుకుని ఒక్కొక్క పన్నూ మొలిచేలా చేసిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రం. ఇచ్చినవాడు ఆయన. పాడుచేసినదాన్ని నేను. ఈ మాట ముందే చెప్పుకోకపోతే నా మనవరాలి సంగతి రాయడానికి చెయ్యి ఆడదు.

మాది పామర్రు దగ్గర పల్లె. మా నాన్న అక్కడి చిన్న మసీదులో నమాజు చేయించేవారు. మావాళ్ళలో ఎవరింట బిడ్డ పుట్టినా నాన్నకు కబురొచ్చేది. ఆయన వెళ్ళి బిడ్డ చెవిలో అజాన్ పలికి, ఖర్జూరం ముక్క మెత్తగా నమిలి, వేలి కొసతో బిడ్డ అంగిట్లో రాసేవారు. ఖర్జూరం లేకపోతే తేనె చుక్క. అది ప్రవక్తవారి నుంచి వచ్చిన అలవాటు. పుట్టినప్పుడు ఒక్కసారి, అంతే. ఆ వేలిని చూస్తూ పెరిగాను కానీ, ఆ ఒక్కసారి అన్నదాన్ని సరిగ్గా చూడలేదు.

పెళ్ళయి విజయవాడ వన్‌టౌన్‌కి వచ్చాక, ముప్ఫై ఏళ్ళుగా సాయంత్రం పూట మా వరండాలో ఆడపిల్లలకు అరబీ అక్షరాలూ ఖురాన్‌లోని చిన్న చిన్న సూరాలూ నేర్పుతున్నాను. అందరికీ నేను ఆపానే, అంటే అక్కనే. గురువారాలు వాళ్ళ తల్లులు కూడా వచ్చి కూర్చుంటారు. తేనెలో మనుషులకు స్వస్థత ఉందన్న దైవవాక్యాన్ని వాళ్ళకు ఎన్నోసార్లు విడమరిచి చెప్పాను. అక్కడితో ఆగలేదు. ఏడ్చే బిడ్డకు పంచదార నీళ్ళు పట్టకండి, రబ్బరు పీకను తేనెలో ముంచి నోట్లో పెట్టండి, బిడ్డా పడుకుంటుంది, పుణ్యమూ వస్తుంది అన్నాను. అది నా సొంత మాట. ప్రవక్తవారి మాటలు చెప్పే ఏ హదీసులోనూ లేదు. చెప్పింది నేను కనుక వాళ్ళు దాన్నీ వాక్యంతో కలిపే విన్నారు.

మా అమ్మాయి బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తుంది. బిడ్డకు నాలుగో నెల నిండగానే నా ఒళ్ళో పెట్టి పనిలోకి వెళ్ళింది. మా అన్నయ్య హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చినప్పుడల్లా తుట్టె పిండిన తేనె ఒక సీసా తెచ్చేవాడు. పీకను అందులో ముంచి పిల్ల నోట్లో పెట్టి, సూరా చదువుతూ ఒళ్ళో ఊపేదాన్ని. పగలు రెండు నిద్రలు, రెండు తేనెపీకలు. పీక ఆరిపోతే మళ్ళీ ముంచేదాన్ని. ఇలా మూడేళ్ళు దాటింది.

ఆ పిల్లకు మూడేళ్ళకే నాలుగు సూరాలు వచ్చాయి. గొంతు పెద్దది. వరండాలో పెద్దపిల్లలు తడుముకుంటే ఇది వెనకనుంచి అందించేది. ఏనాటికైనా నా చోట ఇదే కూర్చుంటుందనుకున్నాను.

అంతకుముందే, దానికి ఏడాదిన్నరప్పుడు పై పళ్ళమీద, చిగురు అంచున, తెల్లటి చార కనిపించింది. పాలు అంటుకున్నాయనుకుని కొంగుతో తుడిచాను. పోలేదు. రెండేళ్ళు నిండేసరికి అది గోధుమరంగు అయింది, తర్వాత నలుపు. పళ్ళ అంచులు పెళుసుగా విరగడం మొదలైంది. సందు మొదట్లోని కిరాణా కొట్టాయన పిల్లను చూసినప్పుడల్లా ఏడిపించేవాడు.

"ఏమే బుజ్జీ, బొగ్గులు నమిలావా? మీ నానీ అన్నం పెట్టట్లేదా?"

అప్పట్లో అది నోరంతా తెరిచి నవ్వేది.

"అమ్మీ, ఒకసారి డాక్టర్‌కి చూపిద్దామా?" అని మా అమ్మాయి రెండు మూడుసార్లు అడిగింది.

"పాల పళ్ళకి డాక్టరేంటే? నీకూ పుచ్చలేదూ? ఊడిపోయి కొత్తవి రాలేదూ?" అన్నాను.

మూడున్నరేళ్ళప్పుడు నొప్పి మొదలైంది. చెంప పట్టుకుని నా దగ్గరికొచ్చేది. చెంచాడు తేనెమీద సూరా చదివి, ఊది, నాకించేదాన్ని. కాసేపటికి ఊరుకునేది. ఆపా చేతిలో బర్కత్ ఉంది, దైవకృప ఉందని పక్కింటివాళ్ళు అన్నారు. నేనూ నమ్మాను.

ఒకరోజు పొద్దున్న లేచేసరికి పిల్ల పై పెదవి వాచి ముక్కుదాకా వచ్చింది. చిగురుమీద శనగగింజంత చీముపొక్కు. మా అమ్మాయి ఇక నన్ను అడగలేదు. పిల్లల పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి ఆటో పిలిచింది. నేనూ ఎక్కాను.

"ఏం పెట్టి పడుకోబెడతారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"తేనెపీకండీ. పంచదార కాదు. అసలైన తేనె, మా అన్నయ్య తెస్తాడు."

"పంటికి ఆ తేడా తెలీదమ్మా. నిద్రలో నోట్లో ఉమ్ము తగ్గిపోతుంది. తీపి గంటలకొద్దీ పంటిమీదే ఉండిపోతుంది. అసలు ఏడాదిలోపు పిల్లలకి తేనె నాకించనే కూడదు."

"పాల పళ్ళే కదండీ. ఎలాగూ ఊడేవే."

ఆవిడ కోప్పడలేదు. ఎక్స్‌రే తీసి వెలుతురుకు ఎత్తి చూపించింది. "ఈ నల్లగా ఉన్నది చీము. దీని పైనే, చిగురు లోపల, రాబోయే పన్ను తయారవుతోంది."

"దానికేమైనా అయిందా అండీ?" అంది మా అమ్మాయి.

"చెప్పలేనమ్మా. బయటికొస్తేగానీ తెలీదు. బాగానే రావచ్చు, మచ్చతో రావచ్చు, వంకరగా రావచ్చు. ఆరేడేళ్ళు వచ్చేదాకా చూడాలి."

వాపు తగ్గడానికి మందులిచ్చి, వారం తర్వాత రమ్మంది. పై ముందుపళ్ళు నాలుగూ తీసేయాలంది. పళ్ళు తీసే రోజు కుర్చీలో నా ఒళ్ళోనే పడుకోబెట్టారు. కదలకుండా తల నన్నే పట్టుకోమన్నారు. సూది చూడగానే పిల్ల భయపడి, నేను భయమేస్తే చదవమని నేర్పిన చిన్న సూరాను గట్టిగా మొదలుపెట్టింది.

"చదవకమ్మా, నోరు తెరిచే ఉంచు," అంది డాక్టరమ్మ.

సగంలో ఆగిపోయింది. రెండు చేతులతో ఆ తల పట్టుకుని ఉన్నాను. మిగతా సగం నేను చదవాలి. నాకు నోరు రాలేదు.

ఆ మరుసటి గురువారం తల్లులందరినీ కూర్చోబెట్టి నిజం చెప్పాను. తేనెపీక పెట్టమన్నది నా తప్పు. పాలు పట్టాక తడిగుడ్డతో చిగుళ్ళు తుడవండి, మొదటి పన్ను కనిపించగానే తోమండి, తెల్లచార కనిపిస్తే ఆగకుండా చూపించండి అన్నాను.

"మీరే కదా ఆపా పెట్టమన్నారు? అప్పుడు అల్లా మాటా, ఇప్పుడు డాక్టర్ మాటా?" అంది ఒకామె. ఇద్దరు పిల్లల తల్లి. నా దగ్గర చదువుకునే పెరిగింది.

"నీ మనవరాలికి దిష్టి తగిలింది. మధ్యలో తేనెనెందుకు ఆడిపోసుకుంటావు?" అంది మా వీధి పెద్దావిడ. అందరూ తలలూపారు.

వాక్యం అబద్ధం కాదని, దానికి నేను కలిపినదే అబద్ధమని చెప్పాను. వాక్యాన్ని నమ్మినంత తేలిగ్గా నా తప్పును వాళ్ళు నమ్మలేదు. లేచి వెళ్తున్నప్పుడు ఒకామె భుజంమీద పసిబిడ్డ గౌనుకు పిన్నీసుతో గుచ్చిన గులాబీరంగు పీక కనిపించింది. ఈగ వాలి ఉంది. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలు చదవడానికి నోళ్ళు తెరిస్తే నాకు అక్షరాలు వినిపించవు. పళ్ళే కనిపిస్తాయి. తెల్లచారలు, గోధుమరంగు అంచులు. ఒక్కొక్కదాని తల్లికి ఏ గురువారం ఏం చెప్పానో గుర్తొస్తుంది.

మా పిల్లకు ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. వెనక దవడపళ్ళలో కూడా పుచ్చు మొదలైందని డాక్టరమ్మ చెప్పింది. వరండాలో అది నా వెనక కూర్చుంటుంది, చేత్తో నోరు మూసుకుని. పళ్ళమధ్య నాలుక పెట్టి పలకాల్సిన అక్షరాలు దానికి రావడం లేదు. రావని తెలిసి మిగతావీ మానేసింది. మొన్న దగ్గరికి తీసుకుని తల నిమురుతూ, "ఒక్క సూరా చదవమ్మా" అన్నాను.

"తల పట్టుకోకు నానీ," అని లేచి వెళ్ళిపోయింది.

ఇది చదివే మీరు నన్నెరుగరు. నా దువాలో, నా వేడుకోలులో, ఇప్పుడు బలం లేదు. సజ్దాలో నుదురు నేలకానించి ఎంతసేపున్నా డాక్టరమ్మ ఎత్తి చూపిన ఆ నల్లమచ్చ దగ్గరే ఆగిపోతున్నాను. ఆ మచ్చ పైన, చిగురు లోపల, ఎవరికీ కనిపించకుండా పెరుగుతున్న పళ్ళను చూడగలిగినవాడు ఒక్కడే. మీకు తెలిసిన భాషలో, మీకు తోచిన మాటల్లో, ఒక్కసారి నాతోపాటు ఆయన్ను అడగండి. నా చేతి దోషం ఆ పళ్ళదాకా పోకుండా చూడమని అడగండి. ఆమీన్.