బలం సూది

మా ఆయన తాగడు. ఈ మాట ఆయన బతికుండగా నేను ఒక్కరికీ చెప్పలేదు. పైగా తాగుతాడనే చెప్పుకుంటూ తిరిగాను.

అప్పుడు మేం అమీర్‌పేటలో అద్దెకుండేవాళ్లం. ఆయన ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. నీరసంగా ఉందని ఆయన నోట వచ్చిందంటే చాలు, గల్లీ చివరి కాంపౌండర్ దగ్గరికి తోలేదాన్ని. శనివారం శనివారం ఒక బలం సూది, ఎర్రటి మందు. మా గల్లీలో సూది వెయ్యనివాణ్ని డాక్టర్ అనేవాళ్లే కాదు. గోళీలు రాసిచ్చి పంపితే మోసపోయినట్టే. అందరికీ ఒకటే గాజు సిరంజి, ఒకటే సూది. పొద్దున స్టవ్వు మీద ఒకసారి ఉడకబెడితే సాయంత్రం దాకా అదే. మనిషికీ మనిషికీ మధ్య స్పిరిట్ దూదితో ఒక తుడుపు. ఆ వాసనకే నేను, ఎంత శుభ్రంగా ఉంచుతున్నాడో అని మురిసిపోయేదాన్ని. నాకు సూదంటే చచ్చేంత భయం, ఎన్నడూ వేయించుకోలేదు. ఆయన్ని మాత్రం ఏళ్ల తరబడి పంపాను.

తర్వాత ఆయన కాళ్లు వాచాయి. చేతులు పుల్లల్లా చిక్కిపోయి, పొట్ట మాత్రం నిండు చూలాలి పొట్టలా ముందుకొచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లేనని పసరు తాగించాను, ఉప్పూ నూనె మాన్పించాను. తగ్గలేదు. ఆ పొట్టకు గల్లీలో ఒకటే అర్థం. పక్కింటి అక్క నన్ను పట్టుకుని, "ఏడ తాగుతుండో జర చూస్కో చెల్లె" అంది.

చూసుకున్నాను. ఆయన ఆఫీసు నుంచి రాగానే చొక్కా వాసన చూసేదాన్ని, నోరు తెరవమనేదాన్ని. సంచి వెతికాను. ఏమీ దొరక్కపోతే, బాగా తెలివిగా దాస్తున్నాడనుకున్నాను.

"అమ్మతోడు, నేను ముట్టలే" అనేవాడు.

"మరి గీ పొట్ట గాలికొచ్చిందా?" అనేదాన్ని.

తాగుబోతుకు కట్టబెట్టారని ఆ అక్క ముందు కూర్చుని ఏడ్చాను కూడా. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆమె ఓదార్పు నాకు హాయిగా ఉండేది.

రక్తం కక్కుకున్న రోజు పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. డాక్టర్ కోస్తా మనిషి. "ఎన్నాళ్ల నుంచి తాగుతున్నారండీ?" అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత అదే డాక్టర్ రక్తపరీక్ష కాగితం పట్టుకుని నన్ను పక్కకు పిలిచాడు.

"ఇది తాగుడు వల్ల కాదమ్మా. రక్తం ద్వారా అంటుకునే కామెర్లు. ఏళ్లకేళ్లు లోపలే ఉండి కాలేయాన్ని గట్టిపరిచేసింది. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా? సూదులేమైనా వేయించుకునేవారా?"

ఎన్నని చెప్పను! సూది నుంచే వచ్చిందని రూఢిగా అనలేనన్నాడు డాక్టర్. నాకు ఒకరు రూఢి చెయ్యనక్కర్లేదు. నా రక్తం, పిల్లల రక్తం కూడా చూపించమన్నాడు. చూపించాం, మాకు లేదు.

వార్డులోకి పోయి ఆయన కాళ్లు పట్టుకున్నాను. అప్పటికే ఆయనకు మనుషుల ఆనవాలు తెలియడం లేదు. నన్ను ఎవరనుకున్నాడో, "నేను తాగలే సార్" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులే ఉన్నాడు.

దినాలు కాగానే కాంపౌండర్ దగ్గరికి పోయాను. శనివారం, లైను నిండుగా ఉంది. "గా సూది మనిషి మనిషికి ఉడకబెట్టు, లేకుంటే ఎవ్వరికీ వెయ్యకు. మా ఆయన దాంతోనే పోయిండు" అని గట్టిగా అరిచాను. కాంపౌండర్ స్పిరిట్ దూదితో సూది తుడిచాడు. లైనులో ముందున్న పక్కింటి అక్క తిరిగి చూసింది.

"తాగుతుండని నువ్వే ఏడిస్తివి కద చెల్లె. గిప్పుడు సూది మీద పెడ్తవా?" అని, జాకెట్టు చెయ్యి పైకి మడిచి కాంపౌండర్ ముందు కూర్చుంది.