జాబితాకెక్కిన తిట్టు

1937. మద్రాసు శాసనసభకు ఎన్నికలు జరిగిన ఏడు. అప్పుడు నేను నల్లమల అంచున ఒక తాలూకా కచేరీలో కాపీయిస్టుని. అంటే ఊళ్ళనుంచి కరణాలు పంపిన చిత్తు కాగితాలను శుభ్రంగా తిరగరాసే గుమాస్తాని. ఆ ఉద్యోగంలో సొంతబుద్ధి వాడితే చీవాట్లు, వాడకపోతే మెప్పు. ముప్పై ఏళ్ళు మెప్పే పొందాను. ఇప్పుడు తలచుకుంటే నీరసం వస్తుంది.

రాజకీయాల్లో ఈ వెక్కిరింపు పేర్లు ఎక్కడ పుడతాయని ఈ మధ్య ఒకాయన అడిగాడు. మీటింగుల్లో పుడతాయని అందరూ అనుకుంటారు. ఖద్దరు కట్టినవాణ్ణి ఇటువాళ్ళు 'గుడ్డటోపీ' అనేవాళ్ళు. దొరలకు దండం పెట్టినవాణ్ణి అటువాళ్ళు 'తొత్తు' అనేవాళ్ళు. చాలామట్టుకు అవి పొద్దున అని సాయంత్రానికి మరిచిపోయే మాటలే. ఒక్కటి మాత్రం నా చేతిమీదుగా కాగితమెక్కింది.

కొమరోలు వైపు ఒక ఊరినుంచి ఎలక్టోరల్ రోల్ చిత్తు వచ్చింది. రోల్ అంటే ఓటర్ల జాబితా. ఆ రోజుల్లో ఓటు అందరికీ లేదు, శిస్తు కట్టేవాళ్ళకూ ఇంకొందరికీ మాత్రమే. ఆ ఊళ్ళో వెంకటసుబ్బయ్య శెట్లు ముగ్గురు. ఇంటిపేరు ఒకటే, తండ్రులందరూ సుబ్బయ్యలే. పోల్చుకోవడానికి కరణం కాగితం అంచున చిన్నగా గుర్తులు రాశాడు. ఒకరి పక్కన 'బెల్లం కొట్టు', ఇంకొకరి పక్కన 'మెల్లకన్ను', మూడో ఆయన పక్కన 'మజ్జిగ తొత్తు'. అవి కచేరీవాళ్ళకు తెలియడానికి రాసినవే తప్ప జాబితాలోకి రావలసినవి కావు. నేను మూడింటినీ 'అలియాస్' గడిలో, అంటే మారుపేరు రాసే చోట, ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించాను. పైఅధికారి చూడకుండానే సంతకం పెట్టాడు. అభ్యంతరాల కోసం ఆ జాబితాను ఊరి చావడి గోడకు అంటించారు.

నాలుగో రోజున ఆ మూడో వెంకటసుబ్బయ్య శెట్టి కచేరీకి వచ్చాడు. యాభై దాటిన మనిషి, బండి దిగి దుమ్ము కూడా దులుపుకోలేదు.

"ఏంది నాయనా, ఊరోళ్ళు చాలక సర్కారు కూడా నన్ను తిట్టబట్టెనా?"

అబ్జెక్షన్ పెట్టండి శెట్టిగారూ అన్నాను. అంటే అభ్యంతరం తెలిపే అర్జీ. కారణం రాయాలి, ఒక సాక్షి సంతకం ఉండాలి.

"కారణమా? ఏడేండ్ల కింద సారాయి అంగడి మూయమని అడ్డం కూచున్న ఖద్దరు పిలకాయల్ని పోలీసోళ్ళు గొడ్లను బాదినట్టు బాదినారు. ఇద్దరు మా దుకాణంలోకి ఉరికొచ్చినారు. మూటల ఎనక కూచోబెట్టినా. ఎనకాలే జవాన్లు వచ్చినారు. లోపలికి రాకుండా ఏం చేయాల? అరుగు మీద కూచోబెట్టి కడవెడు మజ్జిగ పోసినా. తాగి పోయినారు. ఊరోళ్ళు మజ్జిగ చూసినారు, మూటల ఎనక ఏముండాదో చూడలా."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"అప్పుడు చెప్తే పిలకాయలు జైలుకు పోతారు. అంతా సద్దుమణిగినాక చెప్తే ఎవురు నమ్ముతారు? ఆ ఇద్దర్లో ఒకడు జరమొచ్చి పోయినాడు. ఇంకోడు పెద్దోడైనాడు. నల్లమలలోకి పోయి తప్పించుకున్నానని మీటింగుల్లో చెప్పుకుంటా ఉండాడు. ఆయన్నే సాచ్చెం అడుగుతాలే."

గడువు ముగిసే రోజున మళ్ళీ వచ్చాడు, ఒట్టి చేతులతో. "చూస్తాలే శెట్టీ అన్నాడు" అని మాత్రం చెప్పాడు. కలం నా చేతిలోనే ఉంది. ఒక్క గీత గీస్తే చాలు, అడిగే నాథుడు లేడు. సాక్షి లేకుండా కుదరదన్నాను. నా బతుకులో అంత సిగ్గుపడే మాట ఇంకొకటి అనలేదు.

ఓట్లనాడు ఆ ఊరికే నన్ను పోలింగ్ క్లర్కుగా వేశారు. వచ్చిన ఓటరు పేరు జాబితాలో చూసి పైకి చదవడం నా పని. రెండు పక్షాల ఏజెంట్లు పక్కన కూర్చుని తమ కాగితాల్లో టిక్కు పెట్టుకుంటారు. లోపల ఒక్కో పక్షానికి ఒక్కో పెట్టె. శెట్టి ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. నేను ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు చదివి ఆపాను.

"ముగ్గురున్నారు కదా, ఏ వెంకటసుబ్బయ్య? పూర్తిగా చదవండి సార్" అన్నాడు ఖద్దరు ఏజెంటు, కాగితంలోనుంచి తల ఎత్తకుండానే.

చదివాను. వరసలో నిలబడ్డవాళ్ళంతా గొల్లున నవ్వారు. అప్పుడు ఏజెంటు తలెత్తి శెట్టిని చూశాడు. వెంటనే మళ్ళీ కాగితంలోకి తల దించేశాడు.

శెట్టి లోపలికి పోయి ఓటేసి బయటికి వచ్చాడు. ఏజెంటు ముందు ఆగాడు.

"మీ పెట్టెలోనే ఏసినాలేప్పా. ఆ పొద్దు జవాన్లు పోయినాక మిగిలిన మజ్జిగ నువ్వే గదా తాగింది."

ఎవరా పెద్దోడు అన్నది నాకు అప్పుడు తెలిసింది. వరసలో వాళ్ళు అదీ హాస్యమే అనుకుని ఇంకా నవ్వారు. ఏజెంటు తన కాగితంలో టిక్కు పెట్టుకున్నాడు. శెట్టి ఒక క్షణం చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఎన్నికలు వచ్చేసరికి యుద్ధం కూడా అయిపోయింది. శెట్టి అప్పటికే కాలం చేశాడు. ఈసారి జాబితా రాస్తూ, ఆయన కొడుకు పేరు పక్కన తండ్రి గుర్తుగా వచ్చిన ఆ మాటను ఎవరూ అడక్కుండానే తీసేశాను. మళ్ళీ ఆ ఊళ్ళోనే డ్యూటీ. శెట్టి కొడుకు ఓటుకు వచ్చాడు. పేరు వెతుకుతూ, ఏ వెంకటసుబ్బయ్యగారి అబ్బాయివని అడిగాను.

"మజ్జిగ తొత్తు కొడుకును సార్. అట్లనే రాసుంటాది చూడండి" అన్నాడు, ఇంటి గుర్తు చెప్పినంత మామూలుగా.

ఓటింగు అయ్యాక అతన్ని పక్కకు పిలిచి సంగతంతా చెప్పాను.

"మా నాయన ఒక్కనాడన్నా చెప్పలేదే సార్" అన్నాడు. మళ్ళీ తనే, "అయినా ఇప్పుడు తీసేస్తే ఎట్ల? అట్ల అంటేనే గదా మేమెవురో తెలిసేది" అన్నాడు.

ఆ తిట్టు మొదట ఎవరి నోట పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. దాన్ని పేరుగా మార్చిందెవరో మాత్రం బాగా తెలుసు.