తువ్వాలు కింద పలికిన ధర

మొన్న మా అల్లుడి షేర్లు సగానికి పడిపోయాయి. "కొన్న ధర వచ్చేదాకా అమ్మను మావయ్యా" అన్నాడు కాఫీ తాగుతూ, చాలా ధీమాగా. నేను లోపలికి వెళ్లి బీరువా అడుగు అరలోంచి యుద్ధం రోజుల నాటి డైరీ తీశాను. మాఘమాసంలో ఒక పేజీ మీద ఒకటే వాక్యం: "మామ బెల్లం అమ్మలేదు."

మామ అంటే మా మేనత్త భర్త. మునగపాకలో చెరకు పండించి, తనే బెల్లం వండి, దిమ్మలు బండికెత్తి అనకాపల్లి తెచ్చేవాడు. అప్పటికి నాకు ఇరవై దాటాయి, కచేరీలో కొత్త గుమాస్తాని. తీరిక దొరికితే ఆయన వెంట బజారుకు వెళ్లేవాణ్ణి. అక్కడ ధర నోటితో చెప్పేవారు కాదు. షావుకారు, రైతు చేతుల మీద తువ్వాలు కప్పుకుని, వేళ్లు నొక్కి బేరమాడేవారు. పక్కవాడికి కనపడేది తువ్వాలు కదలిక మాత్రమే. ఆ రోజు షావుకారు ఏ వేళ్లు నొక్కాడో గాని మామ ముఖం వెలిగిపోయింది. అయినా చెయ్యి లాక్కున్నాడు, ఇంత ఇచ్చేవాడు ఇంకాస్త ఇవ్వడా అని. "ఇంకో వారం సూద్దాం, ఏటంటావు?" అని నన్నడిగాడు. చదువుకున్నవాణ్ణి కదా, "చూద్దాం మామా" అన్నాను.

మరుసటి వారం ధర దిగింది. ఆపై వారం ఇంకా దిగింది. మామకు మాత్రం తువ్వాలు కింది ధరే అసలు ధర. అదెంతో మాకెవరికీ తెలియదు గనక వాదించడానికీ వీల్లేదు. "నాది నాకు రానీ" అనేవాడు, చేతికి రాని డబ్బును ఎవరో దొంగిలించినట్టు.

ఇంతలో అత్త కళ్లు మసకేశాయి. విశాఖపట్నంలో డాక్టరు చూసి, కళ్లకు ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యమైతే చూపు దక్కదు అన్నాడు. అందుకు కావలసిన డబ్బంతా ఆ దిమ్మల్లో ఉంది. అప్పు చేద్దామంటే మామ మండిపడ్డాడు. "ఇంట్లో సరుకెట్టుకుని అప్పేటి? నవ్విపోతారు!"

అత్త గోడ పట్టుకుని వచ్చి, "ధర ఏటైతే ఏటి, ఇచ్చెయ్. నీ మొకం కనపడితే సాలు నాకు" అంది.

"ఈ మొకంలో ఏటుందే అంత సూడ్డానికి?" అన్నాడు మామ. అందరం నవ్వాం. ఆ వారం కూడా బండి నిండుగానే తిరిగొచ్చింది.

తొలకరి పడింది. తేమకు దిమ్మలు చెమర్చి, నల్లబడి, గోనెల్లోంచి కారాయి. చివరికి పొగాకులో కలపడానికని ఒక వ్యాపారి తనకు తోచిన ధరకు పట్టుకుపోయాడు. విచిత్రమేమంటే, డాక్టరుకు ఆ డబ్బు కూడా సరిపోయేది. కానీ మేం విశాఖపట్నం వెళ్లేసరికి, ఆయన అత్త రెప్పలెత్తి చాలాసేపు చూసి, ఇక ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. మామ ముఖంలో ఒక్క క్షణం సంతోషం కనిపించింది. తరవాత అర్థమైంది.

తిరుగు రైల్లో అత్త, "పొద్దు గూకిందా?" అని అడిగింది. అప్పుడు మిట్టమధ్యాహ్నం. మామ ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, "ఆఁ, గూకింది" అన్నాడు. నేను కిటికీలోంచి ఎండలో వెనక్కిపోతున్న పొలాలను చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు బజార్లో "చూద్దాం మామా" అన్నప్పుడు, వారమంటే ఏడు రోజులేనని నమ్మినవాణ్ణి.