అన్నం తిన్నాకే కొలత

కుట్టుమిషనుకు నూనె వేస్తే ఆ వాసన వేళ్లను రెండు రోజుల దాకా వదలదు. మొన్న పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో మా ఇంటి అరుగు మీద కూర్చుని నా పాత మిషనుకు నూనె వేస్తున్నాను. గాలి ఇటు మళ్లిందేమో, పక్క వీధిలో జీడిగింజలు కాలుస్తున్న ఘాటు కూడా వచ్చి ఆ వాసనలో కలిసింది. ఆ రెండూ కలిస్తే నాకు ఒక్క మనిషే గుర్తుకొస్తుంది. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి మనవరాలు ఫోను చేసింది. వచ్చే నెల ఇంటిల్లిపాదీ ఓడ మీద విహారానికి వెళుతున్నారట. "అమ్మమ్మా, రాత్రి భోజనానికి క్యాజువల్‌గా రమ్మని రాశారు. క్యాజువల్ అంటే ఏం వేసుకోవాలి? అదేదో నువ్వే కుట్టిపెట్టు" అంది. నాకు నవ్వు ఆగలేదు. యాభై ఏళ్ల కిందట ఇదే ప్రశ్న మా ఇంట్లో నెల రోజులు ఎవరినీ కుదురుగా కూర్చోనివ్వలేదు. దానికి సరైన జవాబు చెప్పింది పలాస మొత్తానికి ఒక్కతే. ఆవిడ పేరు నూకాలమ్మ. నేను నూకాలప్ప అనేదాన్ని. మా వైపు అక్కని అప్ప అంటాం.

అరవైల చివరి మాట ఇది. నేను పలాసకి కోడలిగా వచ్చి ఏడాదయింది. మామగారు టెక్కలిలో ఒక ఆఫీసులో హెడ్ గుమాస్తా. రోజూ బస్సులో వెళ్లొచ్చేవారు. మా ఆయన పలాసలోనే బడిపంతులు. మా వదిన, అంటే మా ఆయన అక్క, భర్త ఉద్యోగం వల్ల పోర్టుబ్లెయిరులో ఉండేది. ఆవిడ కొడుక్కి అన్నప్రాసన, అందరూ రావాలని టిక్కెట్లతో పాటు ఉత్తరం పంపింది. విశాఖపట్నంలో ఓడ ఎక్కితే మూడు రాత్రుల ప్రయాణం. ఉత్తరం చివర ఇలా రాసింది: "భోజనం ఓడవాళ్లే పెడతారు. పెద్ద హాల్లో, బల్లల దగ్గర, అందరూ కలిసి తినాలి. ముస్తాబులేమీ అక్కర్లేదు, మామూలుగా రండి."

ఆ 'మామూలుగా' దగ్గర మా ఇల్లు చిక్కుకుపోయింది. మామగారు కళ్లజోడు సవరించుకుని ఆ వాక్యం నాలుగుసార్లు చదివారు. "మామూలంటే ఎవరి మామూలు? మన మామూలా, కెప్టెన్ మామూలా? అదే హాల్లో ఆఫీసర్లు కూడా తింటారు మరి" అన్నారు. టెక్కలిలో పేరున్న దర్జీ దగ్గర కోటు కుట్టించుకున్నారు. పరగడుపున, పొట్ట లోపలికి బిగబట్టి మరీ కొలత ఇచ్చొచ్చారు. మా ఆయన అప్పటి ఫ్యాషను ప్రకారం గొట్టం ప్యాంటు కుట్టించుకున్నాడు. అందులోకి కాళ్లు దూర్చడానికి గోడ ఆనుకోవాల్సి వచ్చేది. అత్తగారు పెళ్లినాటి పట్టుచీర తీసి ఎండలో ఆరేసి, దానికి కొత్త రవిక కావాలన్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నన్ను పట్టుకున్నది బట్టల బెంగ కాదు, 'అందరూ కలిసి తినాలి' అన్న మాట.

మా ఇంట్లో మగవాళ్లు తిన్నాక అత్తగారు, అత్తగారు తిన్నాక నేను. మామగారి ఎదుట నేను నోట్లో ముద్ద పెట్టుకున్నదే లేదు. ఇంట్లో తిండికి లోటు లేదు, నన్ను తినొద్దన్నవాళ్లూ లేరు. కానీ ఆఖరున గిన్నె గీరితే గరిటె చప్పుడు వీధిగదిలోకి వినిపిస్తుందని నాకు సిగ్గు. రెండు ముద్దలు తిని లేచిపోయేదాన్ని. దాచడమెందుకు, పెళ్లయిన ఏడాదంతా నేను ఆకలితోనే ఉన్నాను. ఆ ఉత్తరం విన్నప్పుడు భయం వేసింది. ఆ వెనకే, ఓడలోనైనా కడుపు నిండా తినొచ్చేమోనన్న ఆశ కూడా కలిగింది. ఆ ఆశకి ఇంకా సిగ్గుపడ్డాను.

నూకాలప్ప మా పక్కింట్లో ఉండేది, వెనకే జీడిగింజలు కాల్చే బట్టీ. పుట్టిల్లు ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు, చేపలు పట్టేవాళ్ల పిల్ల. చిన్నప్పుడు తండ్రి వెంట ఓడెక్కి రంగం వెళ్లి, రంగూనుని మావాళ్లు అలాగే అంటారు, అక్కడ కుట్టుపని నేర్చుకుని యుద్ధం రోజుల్లో తిరిగొచ్చేసింది. చదువు రాదు, టేపు మీద అంకెలతో పనే లేదు. వల అల్లే దారం ముక్కలతో కొలిచేది. మనిషికో తాడు. రెక్కకి ఒక ముడి, ఛాతీకి ఒక ముడి, రవిక కింది పట్టీకి ఒక ముడి. ఆ తాళ్లన్నీ వరసగా మేకులకి వేలాడేవి. ఏ తాడు ఎవరిదో ఒక్కసారి కూడా తడబడేది కాదు. అన్నిటికంటే వింత ఆవిడ పెట్టుకున్న నియమం. కడుపు నిండా తిని వస్తేనే కొలత తీసేది. అది కూడా నిలబెట్టి కాదు, మఠం వేయించి కూర్చోబెట్టి. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లని ఎంత గొప్పవాళ్లయినా వెనక్కి పంపేసేది.

అత్తగారు శనివారం ఒక్కపొద్దు ఉండి కొలతకి వెళ్లారు. "కొలతకీ భోజనానికీ ఏటి సంబంధమే?" అని గట్టిగా అడిగారు. పక్కింటి పెద్దావిడని తిప్పి పంపలేక ఆ ఒక్కసారికి నియమం పక్కన పెట్టి నూకాలప్ప కొలిచేసింది. మర్నాడు నన్ను పంపారు.

"ఏటమ్మీ, అన్నం తినీసొచ్చినావా?"

"తిన్నాను అప్పా."

"కూకో." తాడు చుట్టి చూసింది. నా మొహంలోకి చూసింది. "అబద్దం. కడుపు ఈపుకంటుకుపోయున్నాది. తాడు కాడ అబద్దాలేటి?"

నేను తల దించుకున్నాను. ఆవిడ ఆ తాడుకి కింది పట్టీ దగ్గర ఒక ముడి వేసి, లోపలికెళ్లి కంచం నిండా వేడన్నం, నెత్తళ్ల చేపల పులుసు తెచ్చి ముందు పెట్టింది. తింటున్నంతసేపూ నా వైపు చూడలేదు. మిషను తొక్కుతూ తన కబుర్లేవో చెప్పుకుంటూ పోయింది. మిషను చప్పుడులో నా చప్పుడు వినపడదని అలా చేసిందని చాలా రోజులకి గాని నాకు తెలియలేదు.

"నాను రంగం ఎల్లినప్పుడు మాది కింద డెక్కు. ఆకలేసి, పైన హాలు అద్దంలోంచి తొంగి సూసినాను. దొరసానులు కూకున్నారు. పళ్లేల నిండా అన్నీ ఉన్నాయి. రెండు ముక్కలు ముట్టి వొదిలీసినారు. ఎందుకనుకున్నావు? బట్ట బిగువు! ఊపిరాడితే గదా తినడానికి. ఆ కూడంతా సముద్రంలో పారబోత్తంటే మా అయ్యకి కళ్లమ్మట నీళ్లొచ్చీసినాయి. అప్పుడే అనుకున్నాను, నాను గుడ్డ కుడితే మనిసి తిన్నాకే కొలుత్తాను అని."

"మరి ఓడలో భోజనానికి ఏం కట్టుకోవాలి అప్పా?"

"తినడానికెల్తన్నావు. తినడానికి వీలున్నది కట్టుకో. సూపించుకోడానికెల్లినప్పుడు సూద్దాం లే."

నేను చెయ్యి కడుక్కొచ్చాక మళ్లీ కొలిచింది. మొదటి ముడికి రెండు వేళ్ల అవతల రెండో ముడి పడింది. నూలు రవిక ఆ రెండో ముడికే కుట్టింది. "ఇది నీకు కడుపు నిండిన నాడే సరిపోద్ది. వొదులుగుంటే నాకాడికి తేకు, అన్నం కాడికెల్లు" అంది. బయల్దేరే రోజు ఒక చిన్న కత్తెర, సూది, దారం నా సంచిలో పడేసి చెవిలో చెప్పింది: "మీ అత్త రవికలో రెండు వేళ్ల యెడల్పు గుడ్డ లోపల దాసినాను. ఓడెక్కినాక నివ్వే కుట్లు ఇప్పాల."

ఓడలో మొదటి సాయంత్రం భోజనం గంట కొట్టగానే మా ఊరేగింపు కదిలింది. ముందు కోటులో మామగారు, వెనక మోకాళ్లు వంచకుండా మా ఆయన, ఆ వెనక పట్టుచీరలో అత్తగారు, చివర నేను. హాల్లో అడుగుపెట్టేసరికి అందరూ పొట్టిచేతుల చొక్కాల్లో, ఉతికిన నూలుచీరల్లో ఉన్నారు. మా బల్ల దగ్గరే కూర్చున్న లావుపాటి ఆఫీసరు పైజామాలో ఉన్నాడు. మామగారు మర్యాదకి రెండుసార్లు వడ్డించుకున్నారు, రుచికి మూడోసారి. పప్పు అందుకోబోయి ముందుకి వంగారో లేదో, కోటు నడుం బొత్తాం టప్పుమని తెగి ఎగిరి ఆ ఆఫీసరు మంచినీళ్ల గ్లాసులో పడింది. ఆయన దాన్ని చెంచాతో తీసి, రుమాలుతో తుడిచి, రెండు చేతులతో అందించి "రిలాక్స్ సార్, రిలాక్స్" అన్నాడు. మా ఆయన కుర్చీ అంచున కర్రలా ఉండిపోయి నవ్వలేక చచ్చాడు. అత్తగారు రవిక పట్టేసి, తలనొప్పని చెప్పి కేబిన్‌కి వెళ్లిపోయారు. ఇక నేను. నలుగురిలోకీ హాయిగా ఉన్న బట్ట నాదే. అయినా ఎదురుగా మామగారు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాను. రవిక నా ఒంటి మీద వదులుగా వేలాడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్న అత్తగారు మంచం దిగలేదు. "నేను ఇంక హాలుకి రాను. నాకు ఊపిరాడ్డం లేదు. మీరు తిని, నాకేదో ఇంత పట్రండి" అన్నారు. నాకెక్కడి ధైర్యమో, "ఆ రవిక ఇలా ఇవ్వండత్తయ్యా" అన్నాను. కిటికీ దగ్గర కూర్చుని కుట్లు విప్పాను. నూకాలప్ప చెప్పినట్టే లోపల గుడ్డ మడిచి ఉంది. ఓడ ఊగుతుంటే రెండుసార్లు వేలికి గుచ్చుకుంది గాని, మధ్యాహ్నానికి కుట్టడం పూర్తయింది. నా చేత్తో వేసిన మొదటి కుట్లవి, వంకరటింకరగా ఉన్నాయి. అత్తగారు తొడుక్కుని నిండుగా ఒక ఊపిరి పీల్చారు. ఏడాదిలో మొదటిసారి నన్ను చూసి పకపకా నవ్వారు.

"అయితే ఆ నూకాలమ్మకి ముందే తెలుసన్నమాట! నాతో ఒక్క ముక్కైనా అన్నదేటే?"

ఆ సాయంత్రం మామగారు కోటు పెట్టెలో పెట్టేసి తెల్ల చొక్కా వేసుకుని పంచె కట్టారు. మా ఆయన తండ్రి పంచె ఇంకొకటి అడిగి కట్టుకున్నాడు. వడ్డించే అతను అత్తగారి పళ్లెంలో పొగలు కక్కే అన్నం వేశాడు. ఆవిడ దాన్ని కలపకుండా కాసేపు అలాగే చూశారు.

"వేడన్నం తిని ఎన్నేళ్లయిందో" అన్నారు.

ఎవరినీ దెప్పిపొడవడానికి అనలేదు. తనలో తాను అనుకున్నట్టే అన్నారు. మామగారి చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లుగా తను లేచాక ఆ ఇంట్లో అన్నం ఏమవుతుందో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదని ఆ మొహం చూస్తేనే తెలిసింది. నాకు ఆయన మీద కోపం రాలేదు, జాలేసింది. ఆయన వడ్డించే అతన్ని పిలిచి "ఇక్కడ వెయ్యండి. ఇద్దరికీ వెయ్యండి. వాళ్లు చాలనేదాకా వెయ్యండి" అన్నారు. అత్తగారు తిన్నారు. ఆవిణ్ణి చూసి నేనూ తిన్నాను. చాలని చెప్పడానికి నాకు మూడు వడ్డనలు పట్టాయి. మూడో రాత్రి తిని లేచేసరికి నూకాలప్ప కుట్టిన రవిక ఒంటికి అతికినట్టు సరిపోయింది. చెయ్యి కడుక్కునే చోట నిలబడి దాన్ని తడుముకుని సంతోషంతో ఏడ్చేశాను. సముద్రం పడలేదేమోనని మా ఆయన పరుగెత్తుకెళ్లి నిమ్మకాయ తెచ్చాడు.

రెండు వారాల తర్వాత పలాస వచ్చాం. ఆ సాయంత్రం అలవాటు ప్రకారం రెండు పీటలు వేసి రెండు కంచాలు పెట్టాను. మామగారు కూర్చోలేదు.

"మిగతా రెండూ ఏవి?"

"ఓడ దిగిపోయాం కదండీ" అన్నారు అత్తగారు.

"దిగితే? ఆకలి ఓడలో వదిలేసి వచ్చారేటి?"

అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో నాలుగు కంచాలు ఒకేసారి పడ్డాయి. మొదట్లో వారం రోజులు ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియక తలలు వంచుకుని తిన్నాం. తర్వాత బొత్తాం సంగతి ఎవరో ఒకరు ఎత్తేవారు, ఇక నవ్వులే నవ్వులు.

నూకాలప్ప దగ్గరికి వెళ్తే అన్నప్రాసన ఊసెత్తలేదు, దీవుల ఊసెత్తలేదు. "రవిక సరిపోనాదా?" అని ఒక్కటే అడిగింది. "బిగువైపోతోందప్పా" అన్నాను. మిషను కదిలేలా నవ్వింది. మేకు నుంచి నా తాడు తీసి, ఖాళీ కడుపుతో వెళ్లిన నాడు వేసిన ముడిని గోటితో తిప్పలుపడి విప్పేసింది. "ఇది ఇంక నీది కాదు" అంది. మర్నాటి నుంచి నాకు మిషను తొక్కడం నేర్పింది. ఆవిడ చేసుకున్న పనినే తర్వాత నలభై ఏళ్లు నేనూ చేసుకున్నాను. టేపు కొనుక్కున్నాను, అంకెలు రాసుకున్నాను, రకరకాల ఫ్యాషన్లు కుట్టాను. కానీ తినకుండా వచ్చినవాళ్లకి ఒక్కనాడూ కొలత తీయలేదు. దాంతో కొందరు నన్ను చాదస్తపుదన్నారు. కొత్త కోడళ్లు కొందరు మాత్రం గుడ్డ తేకుండానే కొలతకని వచ్చి, తిని వెళ్లేవారు. నూకాలప్ప పోయి చాలా కాలమైంది. ఆవిడ తాళ్లలో నాది ఒక్కటే దాచుకోగలిగాను.

నిన్న మనవరాలు గుడ్డ పట్టుకుని వచ్చింది. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు అమ్మమ్మా, కొలత సన్నగా వస్తుందని" అంది గొప్పగా. నేను పీట వేసి వేడన్నం, పప్పు, మామిడికాయ పచ్చడి వడ్డించాను. మూతి ముడిచి మొదలుపెట్టింది. నేను అటు తిరిగి మిషను తొక్కుతూ కూర్చున్నాను. మేకుకి వేలాడుతున్న తాడు గాలికి ఊగుతోంది. రెక్కకీ ఛాతీకీ వేసినవి పోను, దాని మీద కింది పట్టీకి ఒక్క ముడే ఉంది. దానికి రెండు వేళ్ల ఇవతల, ఆవిడ విప్పేసిన చోట ముడి లేదు గాని, అక్కడ తాడు ఇప్పటికీ కొంచెం వంకరగానే ఉంది.

"ఇంకొంచెం పెట్టు అమ్మమ్మా" అంది మనవరాలు.

పెట్టాను. ఆ పిల్ల చాలనే దాకా టేపు తీయలేదు.